డల్లాస్‌కి 12 గంటలు కాదు, లెక్క సరిచేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి 12 గంటల ప్రయాణం అని బాక్స్ కట్టి మరీ వేశారు, సవరణ వేస్తారేమో అని ఇన్ని రోజులు చూశాను, వెయ్యలేదు కాబట్టి రాస్తున్నా. తెల్లవారుజామున 4కి శంషాబాద్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగడం నిజమే, కానీ ఆ నాలుగు అక్కడి టైం అండీ. వాళ్ళు మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటారు. అది కలిపితే ఇరవై రెండున్నర గంటలకి తక్కువ కాదు. ఒక్క కూడిక, డెస్క్‌లో ఎవరూ చూడలేదా?

దూరం సంగతీ అంతే. మీరు వేసిన 14,400 కిలోమీటర్లు గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే వచ్చేది, ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. మన ఊళ్ళ నుంచి ఆ దారిలో ఎవరు వెళ్తున్నారు? దోహా మీదుగా వెళ్ళేవాళ్ళకి అక్కడిదాకా 2,900, అక్కణ్ణుంచి ఇంకో 12,700 పైన, అందులో రెండో ఫ్లైట్ ఒక్కటే దాదాపు 16 గంటలు, కదలకుండా కూర్చోవాలి.

ఎందుకింత కోపం అంటే, మా పక్కింటి పిన్నిగారు కూతురి పురుటికి వెళ్తూ మీ పేపర్ చూసే షుగర్ టాబ్లెట్లు ఒక్క పూటకి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని మిగతావన్నీ పెద్ద సూట్‌కేస్‌లో సర్దేశారు. ఆ సూట్‌కేస్ మళ్ళీ చేతికొచ్చేది డల్లాస్‌లోనే. ఇంగ్లీష్ రాని మనిషి, దోహాలో గేటు వెతుక్కుంటూ ఎవరిని అడగాలి మందుల గురించి? ఒంగోలు నుంచి శంషాబాద్‌కి కారులో ఆరు గంటలు, అక్కడ మూడు నాలుగు గంటల ముందే ఉండాలి, ఇవన్నీ కలిపితే గడప దాటిన దగ్గర్నుంచి ఒకటిన్నర రోజు అవుతుందని పెద్దవాళ్ళకి చెప్పేదెవరు?

అసలు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008లో మొదలైంది, ఇన్నేళ్ళకీ అమెరికాకి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకి వేసింది, 13 వేల కిలోమీటర్ల పైన ఏకధాటిగా, కొన్నాళ్ళకే ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారని ఏ ఎంపీ అయినా గట్టిగా అడిగారా? రెండు రాష్ట్రాల్లో ప్రతి వీధిలో అమెరికా పిల్లలున్నారు, నాయకులు కూడా అక్కడికెళ్ళి సభలు పెట్టి దండలు వేయించుకుని వస్తారు, ఈ ఒక్క పని మాత్రం ఎవరికీ పట్టదు. మీరైనా దాని మీద ఒక వార్త రాస్తారా అంటే అదీ లేదు.

సవరణ అదే పేజీలో, అదే సైజులో వెయ్యండి. బయల్దేరే టైం, దిగే టైం, మధ్యలో ఆగే గంటలతో సహా మొత్తం ప్రయాణం విడివిడిగా రాయండి, మందులు ఎన్ని పూటలకి దగ్గర పెట్టుకోవాలో కూడా ఒక డాక్టర్ని అడిగి వేయండి.

– ఒక పాత చందాదారుడు, ఒంగోలు