ఫిరంగులు సరే, కూలీల మాటేమిటి?

సంపాదకుడు గారికి,

మన చెన్నైలో యుద్ధం గుర్తులకు కొదవ లేదు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఊరి మీద ఫిరంగి గుండ్లు కురిపించిందని హైకోర్టు గోడ మీద ఫలకమే ఉంది, కోట మ్యూజియంలో కత్తులూ ఫిరంగులూ పతకాలూ బోలెడు. నందంబాక్కం యుద్ధ శ్మశానమైతే ఎంత నీటుగా ఉంచుతారో! 856 సమాధులు, రాళ్ల మీద పేరు, దళం, పోయిన తేదీ. ఉండాల్సిందే, కాదనను.

మరి 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగితే రంగూన్ వదిలి అడవులూ కొండలూ పడి నడిచొచ్చిన మనవాళ్ల సంగతి? ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి రేవు కూలీకి వెళ్లినవాళ్లు అందులో ఎందరో, దారిలోనే కలరాకీ మలేరియాకీ పోయినవాళ్లు వేలల్లో. జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో, కూలీలతో వేయించిన సయాం (నేటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గం కథా ఇంతే. అక్కడ చనిపోయిన 12 వేలకు పైగా యుద్ధఖైదీలకు థాయ్‌లాండ్‌లోని కాంచనబురి లాంటిచోట్ల పేర్లతో సమాధులున్నాయి. మలయా (నేటి మలేషియా) రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలతో సహా ఆసియా కూలీలు 90 వేలమంది దాకా పోయారంటారు, అదీ అంచనాయే, పేర్లు రాసుకున్న నాథుడు లేడు.

మ్యూజియంవాళ్లకి పగేం లేదు, కాగితం ఉన్నవాడికే అక్కడ గది దొరుకుతుంది, అంతే. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ అనే నాటి కమ్యూనిస్టు పాలకులు తువోల్ స్లెంగ్ అని ఓ స్కూలును జైలు చేశారు, ఖైదీల ఫొటోలు తీసి దాచింది ఆ జైలువాళ్లే, ఇప్పుడు అక్కడి గదుల్లో వరసగా ఆ ముఖాలే మనల్ని చూస్తుంటాయి. రబ్బరుతోట కూలీకి ఫొటో ఎవడు తీశాడు?

కాగితం లేకపోతే మనుషుల్నే అడగాలి. 2017లో తెరిచిన అమృత్‌సర్ విభజన మ్యూజియం కుటుంబాల దగ్గర జ్ఞాపకాలు రికార్డు చేసి, వాళ్లు దాచుకున్న వస్తువులు తీసుకునే నిలబడింది. 1851 నాటి మన ఎగ్మూరు మ్యూజియం ఒక్క గది ఇవ్వలేదా? తమిళం, తెలుగులో బోర్డులు పెట్టి, ముందు బర్మా నుంచి వచ్చినవాళ్లు కొట్లు పెట్టుకున్న మన బర్మా బజారు కుటుంబాలతో మొదలుపెట్టండి. 1942లో పదేళ్ల పిల్లలకి ఇప్పుడు తొంభై దాటాయి, కమిటీలూ టెండర్లూ తర్వాత చూసుకోవచ్చు, రికార్డింగ్‌కి ఓ సెల్‌ఫోన్ చాలు.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై