కొత్త ఇళ్లలో చెమ్మకు బయటికి దారి ఏది?

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో మేము కట్టుకున్న డాబా ఇంట్లో గృహప్రవేశమైన రెండో వానాకాలానికే పడకగదిలో బీరువా వెనక గోడంతా నల్లటి బూజు పట్టింది. స్లాబు నుంచి నీరు దిగుతోందేమోనని మేస్త్రీని పిలిపించి పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, గోడ గీకించి మళ్లీ రంగు వేయించాం. మరుసటి శ్రావణంలో అదే చోట అదే మచ్చ తేలింది. ఎనభై దాటిన మా అమ్మకు ఆయాసం ఎక్కువై, రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవార్చే స్థితి వచ్చాక గానీ, ఆ నీరు పైనుంచి రావడం లేదని, మేమే ఇంట్లో పుట్టించి బయటికి పోకుండా బంధిస్తున్నామని నాకు అర్థం కాలేదు. ఏళ్ల తరబడి పిల్లలకు ఆవిరి పాఠం, తేమ పాఠం చెప్పిన ఉపాధ్యాయుడిగా ఈ ఆలస్యం నన్ను ఎంతో బాధించింది. ఇతరులకైనా ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నలుగురు ఉండే ఇంట్లో ఊపిరి, చెమట, వంట, స్నానాలు, లోపల ఆరేసిన బట్టలు అన్నీ కలిపి రోజుకు పది లీటర్ల వరకు నీటిని గాలిలోకి వదులుతాయి. పాత ఇళ్లలో ఈ తేమకు దారి ఉండేది. గూనపెంకుల సందుల నుంచి కొంత, పైకప్పులోని గవాక్షి నుంచి కొంత బయటికి పోయేది. నిజాం కాలపు బడులు, సర్కారు కచేరీల్లో గోడ పైభాగాన తాడు లాగితే తెరుచుకునే రోషన్‌దాన్‌లను నా వయసువాళ్లు మరచిపోయి ఉండరు. వేడిగాలి పైకి లేచి కప్పు కింద చేరుతుంది కాబట్టి దాన్ని అక్కడి నుంచే సాగనంపే ఏర్పాటు అది, కరెంటు ఖర్చు లేనిది. మనం స్లాబు వేసి, ఫాల్స్ సీలింగ్ బిగించి, వెంటిలేటర్ ఉంటే దుమ్ము వస్తుందని దాన్ని ఇటుకలతో మూసేశాం. లోపలి తేమ చివరకు గాలి ఆడని మూలల్లో, బీరువాల వెనక, చల్లబడిన బయటి గోడ మీద చేరుతుంది. అక్కడే బూజు పుడుతుంది.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ముసురు పట్టిన రోజుల్లో బయట తేమ ఎక్కువ కాబట్టి కిటికీలు మూసి ఉంచాలని అనుకుంటాం. తేమ కొలిచే చిన్న మీటరు కొని చూస్తే తెల్లవారుజామున బయట 90 శాతం, లోపల 75 శాతం చూపింది. అంకెలు చూసి కిటికీ మూయడమే సరి అనిపిస్తుంది. కానీ శాతం అనేది ఆ వేడిమి వద్ద గాలి మోయగల నీటిలో భాగమే తప్ప అందులో ఉన్న నీటి బరువు కాదు. 23 డిగ్రీల గాలి 90 శాతం తేమతో ఉంటే ఘనపు మీటరుకు దాదాపు 18.5 గ్రాముల నీరు మోస్తుంది. మా గదిలో 29 డిగ్రీల దగ్గర 75 శాతం తేమతో ఉన్న గాలిలో 21.5 గ్రాములు ఉంది. అంటే తెల్లవారి ఎదురెదురు కిటికీలు రెండూ తెరిస్తే లోపలి గాలిలో ఘనపు మీటరుకు మూడు గ్రాముల నీరు తగ్గుతుంది. మీటరులో శాతం కాస్త పెరిగినట్టు కనిపించినా ఇంట్లోని నీరు తగ్గుతుంది. వేసవిలోనూ రాత్రి కిటికీలు తెరిచి, పొద్దెక్కాక మూసి, పరదాలు వేసుకోవడమే మేలు. ఈ పద్ధతి మన అమ్మమ్మలకు లెక్కలు లేకుండానే తెలుసు.

మేము చేసిన మార్పులు చిన్నవే. స్నానాల గదిలో, వంటగదిలో ఒక్కో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, స్నానం తర్వాత ఇరవై నిమిషాలు, వంట పూర్తయ్యేవరకు తిరగనిచ్చాం. గాలి లోపలికి రాకపోతే ఫ్యాను దేనినీ బయటికి లాగలేదు కాబట్టి పడకగది తలుపు కింద ముప్పావు అంగుళం సందు చేయించాం. బీరువాను బయటి గోడ నుంచి జానెడు ఇవతలకు జరిపాం. నలభై వాట్ల ఫ్యాను రోజుకు రెండు గంటలు తిరిగినా నెలకు రెండున్నర యూనిట్లకు మించదు. టన్నున్నర ఏసీ నిండుగా రెండు గంటలు నడిస్తే అంతకంటే ఎక్కువ కాలుతుంది. తర్వాతి వానాకాలంలో ఆ గోడ మీద మచ్చ రాలేదు, అమ్మకు రాత్రుళ్లు నిద్ర పడుతోంది. మందులు కూడా వాడుతున్నాం కనుక ఘనతంతా గాలిదే అనను.

కూలరు విషయం వేరుగా చెప్పాలి. మే నెల పొడిగాలిలో దానికి సాటి లేదు. కానీ దాన్ని గదిలోనే పెట్టి తలుపులు బిగిస్తే అదే తేమ గదిలో తిరిగి ఉక్కపోత పెరుగుతుంది. కూలరు వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి. వానలు పట్టాక అది చల్లబరచడం మాని చెమ్మ మాత్రమే చేరుస్తుంది. ఇక స్ప్లిట్ ఏసీ గది గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది గానీ బయటి గాలిని తేదు. బయటి గాలిలో పది లక్షల్లో 420 భాగాలుండే కార్బన్ డయాక్సైడ్, నలుగురు పడుకున్న మూసిన గదిలో తెల్లవారేసరికి రెండు వేలు దాటడం మామూలే. ఎయిర్ ప్యూరిఫయర్ దుమ్మును పడుతుంది తప్ప ఆ వాయువునూ, తేమనూ తగ్గించలేదు.

దోమల భయంతో కిటికీలు మూసి, లోపల కాయిల్ వెలిగించే ఇళ్లు మన వీధుల్లో ఎన్నో. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల సూక్ష్మధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కిటికీకి జాలీ కొట్టించి తెరిచి పడుకోవడం పిల్లల ఊపిరితిత్తులకు ఎంతో మంచిది. కాయిల్ కన్నా ప్రమాదకరమైనది మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు. అందులో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. దాన్ని గది బయట బిగించాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందన్న ధీమా చాలదు.

అసలు లోపం ఇల్లు కట్టేటప్పుడే మొదలవుతోంది. కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నివాస భవనాల ఇంధన పొదుపు నియమావళి, ఇంటి వైశాల్యంలో కనీసం ఇంత భాగం తెరుచుకునే కిటికీలుండాలని చెబుతుంది. వేడి, పొడి ప్రాంతాలకు 10 శాతం, మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం, వెచ్చని తేమ ప్రాంతాలకు 16.66 శాతం. మన జిల్లాలను ఏ వరుసలో లెక్కించినా 10కి తగ్గదు. అది ఇంటి మొత్తానికి చూసే లెక్కే అయినా ఒక గదికి పెట్టి చూద్దాం. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి పది శాతం అంటే 12 చదరపు అడుగులు. ఈ రోజుల్లో ఆ గదికి నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న స్లైడింగ్ కిటికీ పెడుతున్నారు. అందులో ఒక రెక్క మరో రెక్క వెనకకే పోతుంది కాబట్టి తెరుచుకునేది సగం, అంటే 8 చదరపు అడుగులే. అదే కొలతకు రెక్కలు బయటికి తెరుచుకునే పాతకాలపు కిటికీ పెడితే 14 చదరపు అడుగులకు పైగా దక్కుతుంది.

మరి దీన్ని చూసేదెవరు? తెలంగాణలో ఇళ్ల అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్‌-బీపాస్ చట్టం కింద 75 చదరపు గజాలలోపు స్థలంలో ఇంటికి నమోదు సరిపోతుంది. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆ వేగాన్ని నేను తప్పుపట్టను, సామాన్యుడికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ ఆ ధ్రువీకరణలో తెరుచుకునే కిటికీల వైశాల్యం ఎంత, స్నానాల గది గాలి ఎటు పోతుంది అనే రెండు ప్రశ్నలకు యజమాని అంకెల్లో జవాబివ్వాలి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల అధికారులు ముందుగా దీన్ని చేపట్టాలని కోరుతున్నాను.

ఒక్కో గదిలో పదుల మంది పడుకునే హాస్టళ్లు, ఏసీ బిగించిన కోచింగ్ హాళ్ల విషయంలో మరింత పట్టుదల అవసరం. అలాంటి చోట్ల లోపలికి వచ్చే తాజాగాలిలోని వేడినీ తేమనూ చాలావరకు బయటికి పోయే చల్లని గాలికి మార్చే ఎనర్జీ రికవరీ వెంటిలేటర్లు పెట్టడం న్యాయమైన ఖర్చు. కరెంటు పెద్దగా పెరగకుండా పిల్లలకు తాజాగాలి అందుతుంది. ఏసీ లేని హాస్టలుకు ఆ యంత్రం అక్కరలేదు. ఇటుకలతో మూసిన వెంటిలేటర్లను వచ్చే వానాకాలంలోపు తెరిపిస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ.