జీడి కార్ఖానాల్లోనూ డిజైన్ థింకింగ్ కావాలి

సంపాదకులకు,

కొత్త ఆవిష్కరణలకు డిజైన్ థింకింగే మార్గమని సదస్సుల్లో తరచూ వింటున్నాం. వాడేవారి ఇబ్బందిని దగ్గరుండి గమనించి, చవకగా ఒక నమూనా చేసి, వారి చేతే వాడించి, లోపాలు దిద్దుకుంటూ పోవడమే ఆ పద్ధతి. మన పలాస జీడిపప్పు పరిశ్రమకు అది ఎంతో అవసరం.

జీడిగింజ పెంకులోని రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది. మందపాటి తొడుగులు వేసుకుంటే పప్పు విరగకుండా తీసే పట్టు చిక్కదు, విరిగిన పప్పుకు ధర పలకదు కనుక, గింజలు కొట్టే మహిళలు చేతులకు నూనో బూడిదో పూసుకొని నెట్టుకొస్తుంటారు. ఈ చిక్కుముడి కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజినీరుకు కనిపించదు. సదస్సు వేదిక మీద నుంచైతే సరేసరి.

జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలలు చివరి సంవత్సరం విద్యార్థులను కొన్ని వారాలు ఆ కార్ఖానాల్లో ఉంచి, వారు తయారుచేసిన తొడుగులు, పనిముట్లు పనికొస్తాయో లేదో తేల్చే అధికారాన్ని ఆ మహిళలకే అప్పగించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా