సంక్రాంతికి వీధి వైపు గదులు ఇవ్వలేం

మా మండువా ఇంటికి ఏటా వచ్చేవాళ్లకు ముందు అసలు మాట. ఈ పండక్కి వీధి వైపు గదులు రెండూ ఇవ్వడం లేదు. అడ్వాన్సులు శుక్రవారంలోగా తిరిగి వేసేస్తాం. పెరటి వైపు గదులు, భోజనాలు మామూలే.

కారణం, ఇంటి ముందు మీరు ఆనుకుని ఫోటోలు దిగే ఆ నాలుగు స్తంభాలు. రాతివి కావవి. లోపల గుండ్రంగా పేర్చిన ఇటుక, పైన డంగు సున్నం. 1802లో మద్రాసులో గ్రీకు గుడిలా కట్టిన హాలు, అదే ఇప్పటి రాజాజీ హాల్, మా ముత్తాత కోర్టు పని మీద వెళ్లి చూసొచ్చి, కోనసీమ ఇంటికి దొరల వేషం వేయించాడు. మొన్నొకాయన 'డూప్లికేట్ స్తంభాలు' అని రివ్యూ రాశారు. ఔనండీ, అసలువి గ్రీసులో ఉన్నాయి.

వేసవిలో వాటికి కొత్త పూత వేయించాం. మూడు నెలలు నానబెట్టిన సున్నమని ఒట్టేసి మరీ పంపాడొకాయన. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి గానుగ ఆడించింది మేమే. వానలు పడేసరికి స్తంభాలకు అమ్మవారు పోసినట్టు గుంటలు! గోటితో గీరితే ఒక్కో గుంట నడుమ నూకంత తెల్లటి పలుకు. నీళ్లలో సరిగ్గా ఉడకని సున్నం. చెమ్మ తగిలితే ఉబ్బి పూతను ఎగదన్నుతుంది. సున్నం పంపినాయనకు ఫోన్ చేస్తే "మీ మేస్త్రీకి పని రాదు" అన్నాడు. నలభై ఏళ్లుగా సున్నం పని చేస్తున్న మనిషిని! డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం ఇంకా మింగుడు పడలేదు.

సిమెంటు కొట్టి రంగేస్తే వారంలో అయిపోతుందని మా ఆవిడ, బావమరిది, అందరూ చెప్పారు. పండగ గిరాకీయే మాకు ఏడాదికి ఆసరా. టెన్షన్‌తో మూడు రాత్రులు నిద్ర లేదు. సిమెంటు బస్తాలు అరుగు మీద దింపించాను కూడా. వంటింటి వెనక గోడకు పదేళ్ల కిందట సిమెంటు పూయించింది నేనే. వెళ్లి తట్టి చూస్తే డొల్ల చప్పుడు. పెచ్చు ఊడదీస్తే లోపలి ఇటుక ఎర్రపిండిలా చేతిలోకి రాలింది. కాలవ పక్క నేల మాది, ఊట గోడల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. బస్తాలు వెనక్కి పంపేశాను. మొండితనం అంటే అనండి.

ఇప్పుడు పెరట్లో గొయ్యి తీసి మేమే సున్నం నానేశాం. రోజూ కర్రతో కలిపేది నేనే. జల్లెడ పట్టకుండా గరిటెడు కూడా పైకెక్కనివ్వను. ఉగాదికి అవుతుందని మేస్త్రీ అంటున్నాడు, నేను మాటివ్వను.

అప్పటిదాకా పెరటి గుమ్మంలోంచి రండి. ముందు పరంజా కట్టి ఉంది, దయచేసి దానికింద ఫోటోలు దిగకండి.