ఇంకొక్కసారి కొట్టనందుకు

ఒరేయ్,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను, మూడోది ఎక్కడ పెట్టానో దొరకలేదు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు పర్లేదు, చిన్నోడికి పాలపళ్లు ఊడుతున్నాయి, నా ఉద్యోగం ఇంకా ఉంది. నీ పుస్తకాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఇవ్వను. వార్తలు సమాప్తం. అసలు సంగతేంటంటే, కారు నీళ్లలో పెట్టానురా.

పూర్తిగా మునగలేదులే. సోమవారం రాత్రి వాన కుమ్మేసింది, బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. ముందు లారీ దాటింది కదా అని నేనూ దిగాను. లారీ గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉంటుందో, నా కారుది ఎక్కడుంటుందో అప్పుడు తట్టి ఏడిస్తేగా! నాది హెడ్‌లైటు వెనకాలే ఉంటుందట, ఇప్పుడు తెలిసింది. ఎదురుగా వచ్చినవాడెవడో స్పీడుగా పోయాడు, అల లేచి బానెట్ మీద పడింది. ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

చెయ్యి తాళం మీదికి పోయింది. అప్పుడు ఎవరు గుర్తొచ్చారనుకున్నావ్? నువ్వే. ఆ మహారాణి బండిని నడిరోడ్డు మీద నిలబెట్టి "ఇంకొక్కసారి కొట్టరా, ఈసారి పక్కా" అంటూ నా కుడికాలు వాచేదాకా కిక్కు కొట్టించావే, ఆ గొంతు. సెల్ఫ్ కొట్టాను. 'టక్' అంది, అంతే. తిరగబోయి ఏదో గోడకి గుద్దుకున్నట్టు ఆగింది. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఏదో జారుతుంది. మళ్లీ కొట్టలేదు. తెలివితో కాదురా, భయంతో.

నలుగురూ కలిసి గట్టుకి తోశారు. ఒకాయన గేరులో వేసి తోస్తే స్టార్టవుతుందని ఒకటే పట్టు. ఆటోమేటిక్ అని చెబితే నా మీద జాలిపడి వెళ్లిపోయాడు.

మర్నాడు షెడ్డులో పెద్దాయన మొదటి ప్రశ్న, "మళ్లీ స్టార్ట్ చేశావా?" ఒక్కసారేనన్నాను. డాక్టరు దగ్గర సిగరెట్ల లెక్క చెప్పినట్టుంది నా గొంతు. ఆయన ముందు బ్యాటరీ వైరు పీకి పక్కన పెట్టాడు. ఈలోగా నేను హుషారుగా డిప్‌స్టిక్, అదే ఆయిల్ కొలిచే పుల్ల, లాగి చూశాను. ఆయిల్ శుభ్రంగా ఉంది, లెవెల్ కూడా గీతల మధ్యే. ఎగిరి గంతేశాను. ఆయన పట్టించుకోలేదు. "నీళ్లు బరువు కదా బాబూ, అడుగున కూర్చుంటాయి. ఇంజిన్ తిరిగి చిలికితేనే తెల్లగా కనిపిస్తుంది" అని కిందికి దూరి, ఆయిల్ చాంబర్ బోల్టు మెల్లగా వదులు చేశాడు. ముందు సన్నటి నీళ్ల ధార. అర గ్లాసుండొచ్చు. ఆ తర్వాత గానీ ఆయిల్ రాలేదు. సిలిండర్లలో చేరిన నీళ్లు రాత్రంతా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగాయట.

ఎయిర్ ఫిల్టరు పిండితే నీళ్లు కారాయి. ఇక ప్లగ్గులు నాలుగూ విప్పి, ముందున్న పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో ఇంజిన్ తిప్పాడు. రెండో సిలిండరు లోంచి పిచికారీ కొట్టినట్టు నీళ్లు లేచి ఆయన చొక్కా తడిపేశాయి. మూడోదాన్నుంచి కాస్త. నా 'టక్' అదేరా. గాలిని ఎంతైనా నొక్కొచ్చు, నీళ్లు నలగవు. నాది 1200 సీసీ ఇంజిన్, సిలిండరుకి 300. కంప్రెషన్ పదికి ఒకటి, అంటే పిస్టన్ కిందున్నప్పటి చోటు పదోవంతుకి తగ్గుతుందనుకుంటే, పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే చోటు 33 సీసీ. నీళ్లు అంతకు మించితే పిస్టన్ పైకి రాలేదు. అయినా బలవంతంగా వస్తే పిస్టన్‌ని పైకీ కిందికీ నడిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ బండ్లలో ఆ చోటు ఇంకా తక్కువ. స్పీడుగా తిరుగుతున్న ఇంజిన్ నీళ్లు మింగితే రాడ్ విరిగి బ్లాకుకే కన్నం పడొచ్చట. నాది నెమ్మదిగా పోతూ ఆగింది కాబట్టి ఆశ ఉందన్నాడు. ఆ ఆశ ఎంతో చెప్పమంటే మాత్రం చెప్పడు!

రాడ్ వంగిందో లేదో ఇంజిన్ విప్పకుండా ఎలా చూశాడో తెలుసా? సన్నటి ప్లాస్టిక్ పుల్ల ఒకటి. ప్లగ్గు కన్నంలోంచి పిస్టన్ మీద ఆనించి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు పుల్ల మీద పెన్నుతో గీత. నాలుగింటికీ అలాగే. వంగిన రాడ్ పొట్టిదవుతుంది, ఆ పిస్టన్ అంత ఎత్తుకి రాదు, పుల్ల కిందికి దిగుతుంది. రెండో సిలిండరు దగ్గర నేను ఊపిరి బిగబట్టి పక్కకి తిరిగిపోయాను, నీ రిజల్ట్స్ రోజున నువ్వు తిరిగినట్టు (నీలం గొడుగు గుర్తుందా? సరే, ఆపేస్తున్నా). గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ తర్వాత సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, కంప్రెషన్ గేజు పెట్టాడు. 170, 165, 168, 170. ఏదో ఒకటి బాగా తక్కువొస్తే అనుమానించాలట. కొంచెం వంగిన రాడ్ నెలల తరబడి బాగానే తిరిగి ఒకరోజు పుటుక్కుమంటుంది కాబట్టి, స్టార్టయింది కదా అని వదిలేయకూడదన్నాడు.

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేశారు. స్టార్టయింది! గురువారం సాయంత్రం. నేను సీట్లో కూర్చుని, గేరు లివరు మీద చెయ్యేసి, "ఇంటికి తీసుకెళ్లిపోతా" అన్నాను. ఒరేయ్, ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. "గేర్‌బాక్స్ ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. అందరి బెంగా ఇంజిన్ మీదే. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, ఊపిరి గొట్టంలోంచి నీళ్లు పీల్చుకుంటుందట. నా దానికి డిప్‌స్టిక్ కూడా లేదు. కింద బోల్టు వదులు చేసి కాస్త ఆయిల్ పట్టాడు. ఎర్రగా, అద్దంలా ఉండాల్సింది గులాబీరంగు పాలలా ఉంది. ఒక రేకు వేడి చేసి ఒక్క చుక్క వేశాడు. చిటపటా చిటపటా పేలింది. కొత్త ఆయిల్ చుక్క వేస్తే చప్పుడు లేకుండా పొగ వచ్చింది. అంతకంటే రుజువేం కావాలి?

లోపల క్లచ్ ప్లేట్ల మీద కాగితంలాంటి పొర జిగురుతో అతికించి ఉంటుంది. నీళ్లు తగిలితే అది ఉబ్బి, ఊడుతుంది. ఆ ఆయిల్‌తో నడిపితే ఊడిన ముక్కలు లోపలి సన్నటి దారులన్నీ మూసేస్తాయి, పైగా తుప్పు. నేను నడపలేదు. అంటే నడపబోయాను. ఇంకొక్కసారి అన్న మాట ఎంత ప్రమాదమో నీకు తెలియదురా, నువ్వు ఎప్పుడూ తోసేవాడివే కదా, ఎక్కింది నేను.

ఒకసారి తీస్తే ఆయిలంతా రాదట, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే కన్వర్టర్‌లోనే చాలావరకు ఉండిపోతుంది. అందుకని పోయడం, కాసేపు తిప్పడం, తీయడం. మొదటిసారి గులాబీ, రెండోసారి ఎరుపు కానీ మబ్బుగా ఉంది. మూడోసారికి తేటగా రాకపోతే గేర్‌బాక్స్ దించి ప్లేట్లు చూడాల్సిందేనన్నాడు. సెన్సర్లు, సీట్ల కింద వైర్లు, అదో పెద్ద కథ, అది ఇంకా నాకే... అయ్యో, ఐదున్నరయింది. మూడో ఆయిల్ ఆరింటికి తీస్తున్నాడు, నేనొచ్చేదాకా బోల్టు ముట్టొద్దని చెప్పొచ్చాను. బస్సులో పోవాలి. ఉత్తరం దారిలో పోస్టులో వేసేస్తా, రంగు ఏంటో ఇంకో