ప్రీమియం నాదైతే లెక్కకు రాదా?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను, శుభలేఖలు, బిల్లు పుస్తకాలు అచ్చేస్తుంటాం. మొన్న ఆదాయపు పన్ను రిటర్న్ కోసం కాగితాలన్నీ పట్టుకెళ్తే ఆడిటరు గారు హెల్త్ ఇన్సూరెన్స్ రసీదు ఒక్కటీ తీసి నా వైపు జరిపేశారు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి, కొత్త పన్ను విధానంలో పనికిరాదు" అన్నారు. నాకూ మా ఆవిడకూ 67 ఏళ్ల అమ్మకూ కలిపి 62 వేలు కట్టిన రసీదు అది.

కొత్త విధానంలో పన్ను రేట్లు తక్కువ గానీ ఇలాంటి మినహాయింపులు దాదాపు ఉండవు. పాత విధానంలో అయితే ఆదాయపు పన్ను చట్టం 80డి సెక్షన్ కింద మా ఇద్దరికీ 25 వేలు, అమ్మ సీనియర్ సిటిజన్ కాబట్టి ఇంకో 50 వేల దాకా మినహాయింపు ఉంది (ఆ 25 వేలూ 2015 బడ్జెట్‌లో పెంచిన అంకే). పోనీ పాతదానికే వెళ్దామంటే ఇంటి లోను తీరిపోయింది, చూపించడానికి ఇంకేం లేదు, పన్ను ఎక్కువే పడుతుంది. పైగా ఉద్యోగస్తులు ఏటా అటూ ఇటూ మారొచ్చు గానీ, వ్యాపారం చేసేవాళ్లు ఒకసారి పాతదానికి వెళ్లి కొత్తదానికి తిరిగొస్తే, ఆ వ్యాపారం ఉన్నంతకాలం మళ్లీ పాతదాని మొహం చూడలేరు.

నాకు మండేది ఎక్కడంటే, హైదరాబాద్‌లో మా మేనల్లుడికి కంపెనీయే పాలసీ తీసింది. ఆ ప్రీమియం కంపెనీ ఖర్చు కింద పోతుంది, వాడి జీతంలోనూ కలపరు, కొత్త విధానంలో ఉన్నా సరే. అంతెందుకు, మా మెషిన్‌మ్యాన్‌కి నేను కట్టే ప్రీమియం కూడా ప్రెస్సు ఖర్చే! అదే మెషిన్ పక్కన అదే సిరా వాసన పీలుస్తూ నిలబడే నాది మాత్రం సొంత ఖర్చట.

కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదుగా అంటారు. నిజమే, నేను అడిగేది అది కాస్త దాటిన మాలాంటి వాళ్ల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, సంతోషించాం, తీరా రెన్యువల్ నోటీసు వచ్చాక చూస్తే అసలు ప్రీమియమే పెరిగి కూర్చుంది, కట్టేది ఇంచుమించు అంతే.

కాబట్టి వచ్చే బడ్జెట్‌లోనైనా, స్వయం ఉపాధి వాళ్లు సొంతానికి కట్టుకునే ప్రీమియాన్ని కొత్త విధానంలోనూ వ్యాపార ఖర్చుగా ఒప్పుకోవాలి.

పాత విధానంలోనే ఉన్న తోటి షాపుల వాళ్లకి ఒక మాట. ప్రీమియం నగదుగా కట్టకండి. ఒక ఏడాది ఏజెంటు చేతిలో నోట్లు పెట్టి ఆ మినహాయింపు మొత్తం పోగొట్టుకున్నాను. ముందస్తు హెల్త్ చెకప్‌కి 80డి పరిమితిలోనే ఇచ్చే 5 వేలకు మాత్రం నగదు చెల్లుతుంది.

– ఒక ప్రెస్సు యజమాని, తెనాలి