చెట్టు తల కోసే మనిషికి రెండు ఆధారాలు ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

ఏటా ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు మొదలయ్యే వేళకు హైదరాబాద్ కాలనీల్లో కొమ్మలు కొట్టించడం, ఎత్తుగా పెరిగిన చెట్ల తలలు తీయించడం మామూలే. వీధిలో ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంటుంది, నేల మీద ఇద్దరు, చెట్టు మీద ఒకరు కనిపిస్తారు. ఆ పైనున్న మనిషి దేనితో, ఎక్కడ, ఎన్ని చోట్ల చెట్టుకు కట్టుకుని ఉన్నాడన్నది కింద నిలబడి చూసే మనం పట్టించుకోం. నేనూ పట్టించుకోలేదు. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, బెల్టు పెట్టుకోకుండా స్తంభమెక్కిన కుర్రాళ్లను కిందికి దింపి మందలించిన నేను, మా ఇంటి వెనుక చెట్టు తీయించిన రోజు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇల్లు తార్నాకలో. వెనుక ప్రహరీని ఆనుకుని దాదాపు 60 అడుగుల నీలగిరి చెట్టు ఉండేది. గోడ పగుళ్లిచ్చి పక్కింటి వైపు ఒరగడంతో, అనుమతి తీసుకుని చెట్టు తీయించాలనుకున్నాం. ఒక్కసారిగా పడగొట్టడానికి చోటు లేదు కనుక పైనుంచి ముక్కలుగా దించుతామని వచ్చినవాళ్లు చెప్పారు. ఎక్కిన కుర్రాడికి పాతికేళ్లు ఉండవు. చెప్పులు విడిచి, వేలిమందం ప్లాస్టిక్ తాడు నడుముకు చుట్టుకుని, దాని రెండో కొసను మానుకు చుట్టి ముడివేసుకున్నాడు. అడ్డొచ్చిన ప్రతి కొమ్మ దగ్గరా ఆ ముడి విప్పి, కొమ్మకు పైన మళ్లీ కట్టుకునేవాడు. విప్పడానికీ కట్టడానికీ మధ్య, నలభై అడుగుల ఎత్తున, అతన్ని పట్టి ఉంచినవి అతని మోకాళ్లే.

చివరికి పన్నెండడుగుల తల మిగిలింది. ఒక చేత్తో మిషన్ రంపం పట్టుకుని కోస్తూ, రెండో చేత్తో తలను అవతలికి నెట్టాడు. తల విరిగి పడిన మరుక్షణమే మాను వెనక్కి ఊగి, మళ్లీ అంతే వేగంగా ముందుకొచ్చింది. అతని ఛాతీ మానుకు కొట్టుకుంది. ఇంకా తిరుగుతూనే ఉన్న రంపపు గొలుసు నడుము దగ్గరి తాడుకు తగిలింది. ఆ మూడు పేటల తాడులో రెండు పేటలు తెగిపోయాయి, మూడోది నిలిచింది. అతను మానును కావలించుకుని ఉండగా, పక్క వీధి నుంచి పొడుగు నిచ్చెన తెచ్చి దించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడు పక్కటెముకలు విరిగాయి. ఆ తాడు ముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. తెగిన చోట పోగులు కోసినట్టు లేవు, గొలుసు రాపిడి వేడికి కరిగి, గట్టిపడి, చిన్న చిన్న పూసల్లా అంటుకుపోయాయి. ఎముకలు అతికాక ఆ కుర్రాడు మళ్లీ పనిలోకి వెళ్లాడు. ఈసారి కొత్త తాడు కొనుక్కున్నాడు కానీ అది కూడా అలాంటి తాడే.

అతని తప్పు ఏమిటో, నా తప్పు ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలనుకున్నాను. మా అక్కయ్య కొడుకు న్యూజిలాండ్‌లో చెట్లెక్కి కోసే పని చేస్తున్నాడు. వాడు ఫోన్‌లో చీపురుకర్రకు తాడు కట్టి చూపిస్తూ నాలుగైదు ఆదివారాలు నాకు పాఠం చెప్పాడు. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: చెట్టు మీద మిషన్ రంపం నడిపేటప్పుడు మనిషి రెండు వేర్వేరు ఆధారాలతో చెట్టుకు కట్టుకుని ఉండాలి, తల కోసేటప్పుడు ఆ రెండూ కోతకు కిందనే ఉండాలి. అమెరికాలో చెట్లపనికి పాటించే జెడ్133 అనే భద్రతా ప్రమాణం కూడా రంపం వాడే సమయంలో రెండో ఆధారం ఉండాలనే చెబుతుంది.

రెండు ఎందుకంటే, ఒకటి రంపానికి బలైతే రెండోది మనిషిని ఆపాలి. కొమ్మ దాటడానికి ఒకదాన్ని విప్పినప్పుడూ రెండోది పట్టుకుని ఉండాలి. మొదటిది మానును చుట్టి, నడుముకు రెండు పక్కలా ఉన్న ఇనుప కొక్కేలకు తగిలించుకునే పట్టా. దాని లోపల ఉక్కు తీగ ఉన్నది దొరుకుతుంది. రంపం తగిలితే అది పూర్తిగా తట్టుకుంటుందని కాదు, ప్లాస్టిక్ తాడులా రెప్పపాటులో తెగిపోదు, అంతే. రెండోది నేల దాకా అందే పొడుగు తాడు, దాని మీద పట్టి ఆపుతూ దిగగలిగే పరికరం. పట్టా మనిషిని పని చేసే చోట నిలబెడుతుంది, ప్రమాదం వస్తే నిమిషంలో నేలకు దించేది మాత్రం పొడుగు తాడే. మా కుర్రాడికి అలాంటి తాడు ఉండి ఉంటే ఇరవై నిమిషాలు విరిగిన పక్కటెముకలతో మానును పట్టుకుని వేలాడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఈ పొడుగు తాడును ఎక్కడ కట్టాలన్న దగ్గరే అనుభవమున్నవాళ్లు కూడా పొరపడతారు. కొమ్మలు తీసేటప్పుడు తాడును తలకన్నా ఎత్తున, గట్టి పంగలో వేసుకోవడం సరైన పద్ధతే. కానీ అవే కొమ్మలు అయిపోయి తల కోసే వంతు వచ్చేసరికి ఆ పంగ పడిపోబోయే ముక్కలో భాగమైపోతుంది. తాడును అక్కడే వదిలేస్తే తలతోపాటు మనిషినీ లాక్కుపోతుంది. కాబట్టి కోత మొదలుపెట్టేముందు దాన్ని విప్పి, కోతకు బాగా కిందికి తెచ్చి, బరువు పడినకొద్దీ మానును బిగించే జారుముడితో కట్టుకోవాలి. అప్పటిదాకా పట్టా ఆధారంగా ఉంటుంది. నున్నటి మాను మీద ఊరికే చుట్టిన తాడు కాలు జారగానే మనిషితోపాటు కిందికి జారుతుంది, బిగిసే ముడి అయితే ఉన్నచోటే పట్టుకుంటుంది. కింద ఒక కొమ్మ మొదలును జానెడు వదిలి కోస్తే తాడు జారకుండా అదీ ఆపుతుంది. మా చెట్టుకు అన్ని కొమ్మలూ నున్నగా, చూడముచ్చటగా కోశాడు, ఒక్క మొదలూ మిగల్లేదు.

ఒక్క పట్టాతోనే సరిపెట్టుకోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. ఒరిగిన తలను తొందరపడి వెనుక నుంచి కోస్తే, కోత పూర్తికాకముందే మాను నిలువునా చీలిపోవచ్చు. చీలిన చెక్క వెనక్కి లేస్తుంది, మాను ఒక్కసారిగా లావైనట్టవుతుంది, దాన్ని చుట్టుకున్న పట్టా బిగిసి మనిషిని మానుకేసి నలిపేస్తుంది. ఇది జరగకుండా పడాల్సిన వైపు ముందుగా నోరు తెరిచినట్టు గాటు తీయాలి. దాని లోతు మాను మందంలో ఐదో వంతుకు తగ్గకుండా, మూడో వంతుకు మించకుండా ఉంటే చాలు. ఆ తర్వాత వెనుక కోత కోసుకుంటూ వచ్చి, మందంలో పదో వంతు పట్టీని కోయకుండా మిగల్చాలి. తలుపుకు బందులాగా ఆ పట్టీయే తలను నెమ్మదిగా అవతలికి వంచుతుంది. ఒరుగు ఎక్కువగా ఉన్న మానుకు కోత కింద గొలుసో బెల్టో బిగించి కట్టడం ఇంకా మంచిది. మా చెట్టెక్కిన కుర్రాడు ఇవేవీ చేయలేదు, చేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక చేత్తో రంపం నడపడం అతనికి నేర్పుగా కనిపించింది, మాకూ అలాగే కనిపించింది.

మాను ఊగడం గురించి కూడా చెప్పాలి. తల పెద్దదైనకొద్దీ అది విడిపోయేటప్పుడు మానును గట్టిగా వెనక్కి తోస్తుంది. తలకు కట్టిన పగ్గాన్ని కింద నుంచి పట్టిన మనిషి మరీ గట్టిగా లాగితే మాను విల్లులా వంగి, తల విడిపోగానే ఇంకా ఎక్కువగా ఊగుతుంది. చిన్న ముక్కలుగా తీయడం, పగ్గాన్ని మట్టసంగా లాగడం, కోత ముగియగానే రంపం బ్రేకు వేసి రెండు చేతులతో మానును పట్టుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. కొబ్బరిచెట్టు తీయించేవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. మట్టలూ గెలలూ ముందుగా దించకుండా తలను ఒక్కసారిగా కోస్తే ఆ బరువంతా విడిపోగానే సన్నని మాను చాలాసేపు ఊగుతూనే ఉంటుంది.

ఎండిపోయిన, బోలు పడిన చెట్టుకు ఎన్ని ఆధారాలు కట్టుకున్నా అవి ఆ చెట్టు మీదే ఆధారపడతాయి. అలాంటి చెట్టును క్రేన్‌తోనో, తొట్టి ఉన్న లిఫ్ట్‌తోనో తీయించాలే తప్ప మనిషిని ఎక్కించకూడదు. కరెంటు తీగల దగ్గరైతే లైన్ క్లియర్ (సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, సరఫరా నిజంగా ఆగిందని సిబ్బంది చెప్పేదాకా చెట్టు ఎక్కనివ్వకూడదు. పచ్చి కొమ్మకూ, తడిసిన తాడుకూ కరెంటు పారుతుంది, ఉక్కు తీగ ఉన్న పట్టాకు మరీ పారుతుంది. 11 కేవీ తీగకు పది అడుగుల లోపల పని అంటే నేనైతే ఎవరినీ ఎక్కనివ్వను.

సామాను దొరకదనే మాట నిజం కాదు. రాణిగంజ్ దుకాణాల్లో ఐఎస్ 3521 అనే భారత ప్రమాణం గుర్తున్న బెల్టులు అమ్ముతారు. అయితే భవన నిర్మాణంలో వాడేవాటిలో చాలా వాటికి కొక్కెం వీపు మీద ఉంటుంది. అది పడిపోయే మనిషిని ఆపడానికి పనికొస్తుంది కానీ, మాను మీద రెండు చేతులూ వదిలి నిలబడి కోయడానికి పనికిరాదు. నడుముకు రెండు పక్కలా కొక్కేలూ, తొడలకు పట్టీలూ ఉన్నదే అడిగి కొనాలి. తొడ పట్టీలు లేని నడుము బెల్టు, మనిషి వేలాడగానే పక్కటెముకల మీదికి జారి ఊపిరి ఆడనివ్వదు. తొడ పట్టీలున్నా స్పృహ తప్పి వేలాడే మనిషికి నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఎక్కి దించగలిగిన ఇంకో మనిషి, ఇంకో బెల్టుతో కింద సిద్ధంగా ఉండాలి. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు.

చెట్టు ఎక్కేవాళ్ల ప్రాణానికి విలువ కట్టడం మనకు చేతకాని పని కాదు. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పంపిణీ ప్రారంభించారు. తరతరాలుగా మోకు, ముస్తాదుతో తాటిచెట్లెక్కే గౌడన్నల నైపుణ్యం ముందు మనం ఎంత. అంతటి నైపుణ్యం ఉన్నా కాలు జారితే మోకుతోపాటు మనిషీ జారుతున్నాడని ఒప్పుకునే ప్రభుత్వం ఆ కిట్లు ఇచ్చింది. చెట్లు కోసేవాళ్ల పనిలో దానికి తోడు ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. నడుము పక్కనే రంపం తిరుగుతుంది, ఎక్కిన చెట్టే కదిలి విరుగుతుంది. వీళ్లకు కులవృత్తి సంఘం లేదు, లైసెన్సు లేదు, పేరు నమోదైన రికార్డూ లేదు. ఎవరి ఫోన్ నంబరు దొరికితే వాళ్లను పిలుస్తాం, చెట్టుకు ఇంత అని బేరమాడతాం. ఆ బేరంలో కోసేది తాడు ఖర్చే.

కాబట్టి సంబంధిత అధికారులకు నా విన్నపం రెండు విషయాల గురించి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద చెట్టు తీయడానికి ఇచ్చే ప్రతి అనుమతిలోనూ, ఎక్కే మనిషికి తొడ పట్టీలున్న బెల్టు, రెండు ఆధారాలు, కింద సహాయకుడు ఉండాలనే షరతు రాయాలి. దాన్ని పాటించే బాధ్యత చెట్టెక్కే కూలీ మీద కాకుండా పని చేయించుకునే ఇంటి యజమాని మీద పెట్టాలి. జీహెచ్‌ఎంసీ, విద్యుత్ పంపిణీ సంస్థ వానాకాలానికి ముందు కొమ్మలు కొట్టించే కాంట్రాక్టుల్లోనూ ఈ షరతు ఉండాలి. రెండోది, నగరంలో చెట్లు కోసే కూలీలను నమోదు చేసి, కాటమయ్య కిట్ తరహాలో వాళ్ల పనికి తగిన కిట్టూ, నాలుగు రోజుల శిక్షణా ఇవ్వాలి.

పాఠకులకు కూడా ఒక మాట. బతికున్న చెట్టుకు తల కోయించడం చాలా సందర్భాల్లో అసలు అక్కర్లేదు. కోసిన చోట మాను పుచ్చుతుంది, చుట్టూ మొలిచే పిలకలు మానుకు గట్టిగా అతకవు, నాలుగైదేళ్లకు అవే గాలివానకు విరిగి పడతాయి. ఇక తప్పనిసరి అయితే, కూలి మాట్లాడేముందే "రెండో తాడు ఉందా, తల కోసేటప్పుడు ఎక్కడ కడతావు?" అని అడగండి. "అలవాటే సార్" అనేది జవాబు కాదు.

మా కాలనీలో నలుగురం చందాలు వేసుకుని ఒక బెల్టు, ఉక్కు తీగ పట్టా, నూట యాభై అడుగుల తాడు, దిగే పరికరం, హెల్మెట్ కొన్నాం. అవి మా ఇంట్లోనే ఉన్నాయి. చెట్టెక్కే వ్యక్తి వచ్చిన ప్రతిసారీ తాడును మొదటినుంచి చివరిదాకా వేళ్లతో తడిమి చూసి, కోత పడినా గట్టిపడినా పక్కన పెడుతున్నాను. మొన్న ఆ కుర్రాడు మా వీధికే వేప కొమ్మలు కొట్టడానికి వచ్చాడు. బెల్టు బిగించుకోవడం నేనే చూపించాను. పంగలో తాడు వేసుకుని, పట్టా తగిలించుకుని, రెండు చేతులూ వదిలి ఒకసారి వెనక్కి వాలి చూసుకున్న తర్వాతే రంపం పైకి పంపమన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
తార్నాక, హైదరాబాద్.